ముప్పై ఎమ్మెల్ భయం

మా మామగారు తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలేసింది గాని ఆయన శాఖని వదల్లేదు. పెళ్ళి మాటలకి వాళ్ళింటికి వెళ్ళిన రోజున నా ఎత్తెంతని అడిగారు. ఐదడుగుల ఏడంగుళాలు అన్నాను. మగాళ్ళందరూ చెప్పినట్టే ఒక అరంగుళం కలిపి చెప్పాను. ఆయన జేబులోంచి టేపు తీశారు. నా చెప్పులు విప్పించి, గోడకి ఆనించి, నెత్తిమీద స్కేలు పెట్టి కొలిచారు. ఐదడుగుల ఆరున్నర.

ఆ సంగతి ఈ తొమ్మిదేళ్ళలో ఆయన మళ్ళీ ఎత్తలేదు. కాని నాతో మాట్లాడేటప్పుడు నా మొహంలోకి చూడరు. నెత్తికి కాస్త పైన, ఆ అరంగుళం ఉండాల్సిన చోట చూస్తారు.

ఆయన నన్ను "మీరు" అంటారు. అల్లుడికిచ్చే మర్యాద అనుకుని మా అమ్మ మురిసిపోయింది. అది ఆ మీరు కాదు. కాగితం మీద సంతకం పెట్టించుకునే ముందు షాపువాడిని అనే మీరు.

అత్తగారు పోయాక ఆయన మా ఇంటికే వచ్చేశారు. పొద్దున్నే పాల పాకెట్టు కత్తిరించి, శాఖ ముద్ర వేసిన తన లీటరు కొలతలో పోసి, కళ్ళు కొలతకి సమానంగా ఉండేలా వంగి చూస్తారు. సరిపోతే నిట్టూరుస్తారు. సరిపోయిందన్న సంతోషంతో కాదు, దొరకలేదన్న బాధతో.

అలాంటి ఇంట్లోంచి నేను రోజూ బారుకి వెళ్ళి పనిచేసి వస్తున్నాను.

నేనేమీ ప్లాను వేసుకుని చేరలేదు. నేను పనిచేసే కొరియర్ ఆఫీసు మూతపడింది. పేపర్లో "గ్లాస్ సెక్షన్‌లో మనుషులు కావలెను, అనుభవం అక్కర్లేదు" అని చూశాను. కిటికీ అద్దాల వ్యాపారమనుకుని, ఇంటర్వ్యూకి వెళ్ళకముందే ఇంట్లో చెప్పేశాను, గ్లాస్ ఇండస్ట్రీలోకి వెళ్తున్నానని. ఉద్యోగం రాకముందే నలుగురికీ చెప్పుకోవడం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బు. తీరా వెళ్తే అది బారు. గ్లాసులు కడిగి, ఆవిరి పట్టి, మచ్చ లేకుండా తుడవాలి. వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. కాని అప్పటికే మామగారు పక్కింటాయనకి చెప్పేశారట, మా అల్లుడు గ్లాస్ ఇండస్ట్రీ అని. ఇక ఏం తిరిగొస్తాను?

ఏడాది గ్లాసులు కడిగాక నాకు ప్రమోషనొచ్చింది. ఐసు మోయడం. ఇంట్లో కోల్డ్ స్టోరేజీలోకి మారానని చెప్పాం. మరో ఏడాదికి ఇంకో ప్రమోషను. నిమ్మకాయలు, నారింజలు కోసి, తొక్కలు సన్నగా చెక్కి, పుదీనా ఏరి డబ్బాల్లో సర్దడం. ఇంట్లో పళ్ళ ప్రాసెసింగ్ అన్నాం. బారులో నేను మెట్టు మెట్టుగా పైకెక్కుతుంటే, ఇంట్లో మామగారు "అల్లుడుగారికి నిలకడ లేదు, ఏడాదికో ఇండస్ట్రీ" అని దిగులుపడిపోయేవారు.

అసలు నిజం తెలిసింది మా ఆవిడకొక్కదానికే.

"ఈసారి పాసైతే నాన్నకి ఏం చెబుదాం?" అంది, తర్వాతి ప్రమోషను పరీక్ష ఉన్న వారంలో.

"ద్రవ పదార్థాల పంపిణీ."

"టాంకర్ డ్రైవరనుకుంటారు."

"అనుకోనీ."

"లైసెన్సు చూపించమంటారు," అంది. నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి ప్రమోషను అంటే కౌంటరు. అంటే బార్‌టెండరు. వెనక గదిలో నిమ్మకాయల మధ్య కాదు, అద్దం ముందు, లైటు కింద, మనుషులకి ఎదురుగా. మూడేళ్ళుగా నేను కోరుకున్నది అదే. మూడేళ్ళుగా నన్ను భయపెట్టిందీ అదే. పాసైతే నలుగురికీ కనపడతాను. ఫెయిలైతే ఎవరికీ కనపడను.

అసలు నాకు భయమంటే మామూలు భయం కాదు. గ్లాసుల ట్రే పట్టుకుని నడుస్తుంటే నేను రాకముందే చప్పుడొచ్చేది. అందుకే బారులో నా పేరు గలగల. ఆ పేరు పెట్టింది మాస్టారు.

మాస్టారంటే మా పెద్ద బార్‌టెండరు. ఆయన చేతి కింద పని నేర్చుకుని వెళ్ళినవాళ్ళు పది చోట్ల కౌంటర్లు నడుపుతున్నారు. ఆయన ఒక హోటలు వంటింట్లో ఉల్లిపాయలు తరగడంతో మొదలుపెట్టారట. "నాలుగేళ్ళు తరిగాన్రా. కంట్లో నీళ్ళు రావడం మానేశాక అప్పుడు పంపించారు కౌంటరు మీదికి. ఇక ఎవడు ఏ కథ చెప్పినా ఏడుపు రాదని," అనేవారు. మా కౌంటరు మీద ఇంకొకావిడ ఉంది. ముందు కాఫీ షాపులో చేసి, తర్వాత ఆరు నెలల కోర్సు చదివి వచ్చింది. సోడాలు తనే కలుపుతుంది కాబట్టి సోడా అక్క. "నా సర్టిఫికెట్టు చూసి మాస్టారు మొదటి రోజు నాకేమిచ్చారో తెలుసా? చీపురు," అని నవ్వేది.

ఈ పనిలో ఎవడైనా పైకొచ్చాడంటే ఒక్కటే దారి, మాస్టారి పరీక్ష. రద్దీ సమయంలో రెండు చేతులతో రెండు సీసాలు ఎత్తి పోయాలి, పెగ్ మెజర్ వెతుక్కునే తీరిక ఉండదు. సీసా మూతికి సన్నటి స్టీలు గొట్టం బిగిస్తారు, పోరర్ అంటారు. అందులోంచి ధార ఒకే లావున వస్తుంది. కాబట్టి మనసులో లెక్క తప్పకపోతే కొలత తప్పదు. వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు అనుకుని ఆపితే ముప్పై ఎమ్మెల్. పరీక్షలో పదిసార్లు పోయాలి. ఒక్క ఎమ్మెల్ అటూ ఇటూ పరవాలేదు. పదిలో ఒకటి తప్పితే క్షమిస్తారు, రెండు తప్పితే దిగిపోవాలి.

మొదటిసారి భయానికి నా లెక్క పరుగెత్తింది. పదీ ఇరవై నాలుగు, ఇరవై ఐదు. మాస్టారు కొలిచే గాజు గొట్టం లైటుకెదురుగా పట్టి చూసి, "ఇది పెగ్గు కాదురా, కంట్లో వేసుకునే చుక్కలు," అన్నారు. రెండోసారి ఆ భయానికి భయపడి మెల్లగా లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది, నలభై. "ఇది బారా, ధర్మాసుపత్రా?" అన్నారు.

మూడోదే చివరిది. "ఈసారి కూడా పోతే ఇక నన్నడగొద్దు. నిమ్మకాయలు కోసుకుంటూ ఉంటావో, ఇంకో ఇండస్ట్రీ చూసుకుంటావో నీ ఇష్టం," అన్నారు. ఇండస్ట్రీ అన్న మాట ఆయన నోట రావడంతో నాకు ముచ్చెమటలు పట్టాయి.

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం మామగారు పడుకున్నారని రూఢి చేసుకుని, వంటింట్లో ఒక ఖాళీ వెనిగర్ సీసాలో నీళ్ళు నింపి, పోరర్ బిగించి సాధన మొదలుపెట్టాను. గ్లాసులో పోయడం, కొలవడం, సింకులో పారబోయడం. వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు. ఇరవయ్యోసారో ఏమో, వెనక దగ్గు వినపడింది.

"ఏం చేస్తున్నారు?"

"నీళ్ళు పోస్తున్నానండీ."

"ఎవరికి?"

"గ్లాసుకి."

ఆయన దగ్గరికొచ్చి సీసా తీసుకున్నారు. పోరర్ ఊడదీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, తిప్పి తిప్పి చూశారు.

"ముద్ర లేదు."

"అది కొలత కాదండీ, ఉత్త గొట్టం."

"మరి వెయ్యిన్నొకటి అని దేన్ని లెక్కపెడుతున్నారు?"

గ్లాసు సింకులో బోర్లించాను.

"మీ పళ్ళ కంపెనీలో రసం ఇలాగే పోస్తారా? కొలత లేకుండా? గొంతులో వెయ్యిన్నిరెండు అనుకుని జనానికి అంటగడతారా?"

తల ఊపాను. అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకు తెలియదు.

"చిరునామా?"

"ఊరవతలండీ. బస్సులు కూడా ఉండవు."

ఆయన పోరర్ నా చేతిలో పెట్టి తన గదిలోకి వెళ్ళారు. కాసేపటికి బీరువా తలుపు కిర్రుమంది. మా ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్న గోధుమ రంగు బ్యాగు తీశారు."

ఆ బ్యాగు గురించి పెళ్ళైన కొత్తలోనే నాకు చెప్పింది. అది వీధి మొదట్లో కనపడితే వీధి చివర షట్టర్లు దిగేవట.

"ఎక్కడికైనా వెళ్తారా?"

"తుడుస్తున్నారు," అంది.

మర్నాడు మూడున్నరకి బారు చేరాను. మధ్యాహ్నం పూట బారు చూస్తే దానిమీద జాలేస్తుంది. కుర్చీలు బల్లల మీద తలకిందులుగా ఉంటాయి. నేల మీద ఫినాయిలు వాసన, దాని మీద నిమ్మతొక్కల వాసన. లైట్లు లేక సీసాలన్నీ మందుల షాపులో సీసాల్లా నిలబడి ఉంటాయి. బస్సు దిగినప్పట్నుంచి వెనక్కి చూసుకుంటూనే వచ్చాను. ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడంతో ఇంకా భయమేసింది.

నాలుగింటికి మాస్టారు కౌంటరు మీద పది స్టీలు గ్లాసులు వరసగా పెట్టారు. స్టీలువి ఎందుకంటే లోపల ఎంత పడిందో పోసేవాడికి కనపడకూడదు. సోడా అక్క కొలిచే గాజు గొట్టం తుడిచి పక్కన పెట్టింది. "గాలి పీల్చుకో. నిన్నేమీ మింగెయ్యరు," అంది.

సీసా ఎత్తాను. అప్పుడు ముందు తలుపు మీద ఎవరో కొట్టారు. మూడు దెబ్బలు, మూడింటి మధ్యా సమానమైన ఖాళీ.

అంత సమానంగా తలుపు కొట్టే మనిషి నాకు తెలిసి ఒక్కరే.

సీసా దింపి కిందికి కూర్చుండిపోయాను, ఐసుపెట్టె వెనకాల. తలుపు తీసిన సోడా అక్క గొంతు వినపడింది.

"ఇంకా తెరవలేదండీ, ఐదింటికి రండి."

"నేను తాగడానికి రాలేదమ్మా. కొలవడానికి వచ్చాను."

"ఏంటి?"

"తూనికలు కొలతలు. ముప్పై ఒక్క ఏళ్ళు చేసి..."

ఆ తర్వాతి మాట ఎవరూ వినలేదు. మాస్టారు అప్పటికే కౌంటరు కింద సొట్టపడిన పెగ్ మెజర్‌లని తువ్వాల్లో చుట్టి నా ఒళ్ళో పడేశారు. నాలుగేళ్ళు ఉల్లిపాయలు తరిగిన మనిషి కళ్ళలో నీళ్ళు.

"అయ్యా, రండి, రండి. కూర్చోండి. ఒరేయ్ గలగలా, లేవరా, కింద ఏం వెతుకుతున్నావ్! అయ్యగారికి నిమ్మ సోడా!"

"నాకేమీ వద్దు. ఇక్కడ కొలత లేకుండా పోస్తారని తెలిసింది."

"ఎవరు చెప్పారండీ?"

"పోసే మనిషే."

లేచాను. లేవడం అంటే, తువ్వాలు మూట పట్టుకుని కౌంటరు అంచు పైకి ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు తేలాయి. ఎత్తు స్టూలు మీద మామగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో గోధుమ రంగు బ్యాగు. నన్ను చూసి ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఈ మనిషేనా పోసేది?" అన్నారు మాస్టారితో.

ఒక్క క్షణం ఆశ పుట్టింది. కళ్ళజోడు మర్చిపోయారేమో, చీకట్లో పోల్చుకోలేదేమో అనుకున్నాను. ఆయన తలెత్తి చూశారు. నా నెత్తికి అరంగుళం పైన.

పోల్చుకున్నారు.

"ఇవాళ వీడికి పరీక్షండీ," అన్నారు మాస్టారు చేతులు నలుపుకుంటూ. "పాసైతేనే కౌంటరు. మేం అంత నిక్కచ్చిగా ఉంటాం. అడ్డమైనవాళ్ళనీ నిలబెట్టం."

"మంచిది. కానివ్వండి. మీ కొలత గొట్టం పక్కన పెట్టండి. ముద్ర ఉన్నది నా దగ్గరుంది." బ్యాగు తెరిచి, బట్టలో చుట్టిన గాజు కొలతని చంటిపిల్లని తీసినట్టు తీసి కౌంటరు మీద నిలబెట్టారు. కింద కౌంటరు పల్లంగా ఉందేమో చూసి, ఒక కాగితం మడిచి దాని కింద పెట్టారు. "ఊఁ."

సీసా ఎత్తాను. వెయ్యిన్నొకటి అనుకోబోతే మాట రాలేదు. మనసులో కూడా రాలేదు. అంకెలన్నీ పారిపోయాయి. తలలో ఒకే ఒక్క చప్పుడు, నా గుండెది. దబ్ దబ్, దబ్ దబ్. చెవుల్లో, గొంతులో, సీసా పట్టుకున్న వేళ్ళ చివర అదే. వేరే దారి లేక దాన్నే లెక్కపెట్టాను. ఎన్ని దెబ్బలకి ఆపాలో చెయ్యికి వదిలేశాను. ఆపింది.

ఆయన గ్లాసు తీసుకుని కొలతలో వంచి, ఆఖరి చుక్క దాకా ఆగి, వంగి చూశారు.

"ముప్పై."

రెండోది. "ముప్పై."

మూడోది. "ఇరవై తొమ్మిదిన్నర. నడుస్తుంది."

అప్పటికి నాకు అర్థమైంది. ఇదివరకు రెండు పరీక్షల్లోనూ నా భయం పెరుగుతూ తగ్గుతూ ఉండేది, దాంతోపాటు లెక్కా గంతులేసేది. ఇవాళ అది పెరగడానికి జాగా లేదు. అంచు దాకా నిండి నిలబడిపోయింది. గోడ గడియారమైనా తప్పుతుందేమో గాని మామగారి ముందు నా గుండె తప్పదు.

నాలుగు, ఐదు, ఆరు. ముప్పై, ముప్పై, ముప్పైన్నర. సోడా అక్క నోరు తెరుచుకుని చూస్తోంది. ఏడోదానికి సీసా ఎత్తుతుండగా నావైపు చూసి నవ్వి బొటనవేలెత్తింది. నేనూ నవ్వాను. పాసైపోతానేమో అనిపించింది. ఒంట్లోంచి భయం కాస్త జారింది, హాయిగా ఉంది, చెయ్యి గుండెని వినకుండా తొందరపడి ముందే ఆపేసింది.

"ఇరవై మూడు."

మామగారు కళ్ళజోడు మీదుగా చూశారు. ఈసారి అరంగుళం పైన కాదు, నేరుగా నా కళ్ళలోకి. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

"ఒకటి తప్పింది," అన్నారు మాస్టారు. "ఇంకొకటి తప్పితే అంతే సంగతులురా."

ఆయన చెప్పక్కర్లేదు. భయం తన చోటికి తను వచ్చేసింది. ఎనిమిది, తొమ్మిది, పది. మూడూ ముప్పై. పదోదానికి సీసా దింపాక కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాను.

"పాసు," అన్నారు మాస్టారు. "రేపట్నుంచి ముందుకొచ్చెయ్. నల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని రా. ఇవాళ ఇంటికెళ్ళి పడుకో, నీ మొహం చూస్తే జనం మానేస్తారు."

మామగారు కొలత కడిగి, తుడిచి, బట్టలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నారు. మాస్టారిని అడిగి తువ్వాలు మూట విప్పించి, సొట్టపడిన పెగ్ మెజర్‌లని ఒక్కొక్కటే చూసి, "ఇవి పారేయండి," అన్నారు. మాస్టారు అప్పటికప్పుడే పారేశారు.

బస్‌స్టాపులో ఇద్దరమే నిలబడ్డాం. ఆయన చేతిలో బ్యాగు, నా చేతిలో ఏమీ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా బస్సు వెనకాలే ఆటోలో వచ్చారట, ఆ సంగతి ఒక్కటే చెప్పారు. ఈయన ఇప్పుడు కూతుర్ని తీసుకెళ్ళిపోతారా, తనే వెళ్ళిపోతారా, లేక మాట్లాడకుండా మా ఇంట్లోనే ఇంకో ఇరవై ఏళ్ళు ఉంటారా అని ఆలోచించాను. మూడోదానికే ఎక్కువ భయమేసింది.

"గ్లాసు, ఐసు, పళ్ళు," అన్నారు చివరికి, రోడ్డువైపు చూస్తూ.

"ఆఁ అండీ."

"మూడూ నిజమే."

"నిజమేనండీ."

"నిజమే గాని నిండుగా చెప్పలేదు. దాన్ని మా శాఖలో తక్కువ తూకం అంటాం."

తల దించుకున్నాను.

"తాగుడంటే నాకు గిట్టదు. తాగేవాడికి తక్కువ పోస్తే అదీ గిట్టదు. ఇందాక ఏడోది ఇరవై మూడు. ఆ గ్లాసు ఎవడిది?"

"ఎవరిదీ కాదండీ. పరీక్షే కదా."

"రేపు ఎవడిదో ఒకడిది అవుతుంది. వాడి ఏడు ఎమ్మెల్ ఎక్కడికి పోయినట్టు?" బస్సొచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగారు. "స్టూలు మీద కూర్చున్న ప్రతివాడూ నేనే అనుకుని పొయ్యండి."

బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చున్నారు, నేను చివర్న.

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. తండ్రి లోపలికి వెళ్ళేదాకా ఆగి, "ఏమైంది?" అంది.

"పాసయ్యాను."

"అది కాదయ్యా!"

నేను నోరు తెరిచేలోపు లోపల ఫోను మోగింది. మామగారి పెద్దల్లుడు. బ్యాంకులో మేనేజరు, ఎత్తు చెప్పినంతే ఉంటాడు. వారం వారం నా ఇండస్ట్రీ ఏమిటో కనుక్కోవడం అతని ఆనందం. ఇద్దరం తలుపు పక్కన ఊపిరి బిగపట్టి నిలబడ్డాం. మా ఆవిడ గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

"ఆఁ, బాగానే ఉన్నాం," అంటున్నారు మామగారు. "మారాడు, అవును. పళ్ళు కాదు. అది అయిపోయింది."

ఆగారు. అవతల ఏదో నవ్వు వినపడింది. బ్యాగు బీరువాలో పెట్టి తలుపు వేసిన చప్పుడు.

"ఇప్పుడు కొలతల్లో ఉన్నాడు," అన్నారు. "మన లైనే."

మర్నాడు సాయంత్రం ఐదింటికి తలుపులు తీశారు. ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర కోసుకుంటోంది. మొదటి మనిషి వచ్చి నా ఎదురుగా ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. లావుపాటి కళ్ళజోడు. ఏం కావాలో చెప్పి, మెనూ కార్డు పక్కకి జరిపి, తలెత్తి చూశాడు. నావైపు కాదు. నా నెత్తికి కాస్త పైన. అక్కడ వెనక గోడ మీద గడియారం ఉంది, అతను దాన్నే చూశాడని తర్వాత తెలిసింది.

అప్పటికే ముప్పై పోసేశాను.